నాలుగు గీతలు సరిపోని తెలుగు అక్షరం

సంపాదకులు గారికి,

నమస్కారం. అక్షరాల అవయవాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే గీత), ఎక్స్-హైట్ (చిన్న x ఎత్తు), అసెండర్ (b, d లలో పైకి లేచే భాగం), డిసెండర్ (p, g లలో కిందికి దిగే భాగం), సెరిఫ్ (గీత కొసన ఉండే పాదం), కౌంటర్ (అక్షరం లోపలి తెలుపు) అంటే ఏమిటో ఇంగ్లిషు అక్షరాల వరకు తప్పు లేకుండా చెప్పారు. చిక్కల్లా చివరి బొమ్మతోనే. అందులో తెలుగు 'క' వేసి, తలకట్టుకు బాణం గీసి 'సెరిఫ్' అని రాశారు. పొట్ట, అంటే అక్షరం నడిమి భాగం, దాని ఎత్తును 'ఎక్స్-హైట్' అన్నారు. ఒత్తుల ఊసే లేదు. ఈ పొరపాటు మీ వ్యాసకర్త ఒక్కరిదే అయితే ఉత్తరం రాసే పని ఉండేది కాదు. తెలుగు ఫాంట్లు గీసేవాళ్లు, పేజీలు పెట్టేవాళ్లు, ఫోన్లలో యాప్‌లు చేసేవాళ్లు కూడా ఇదే కొలబద్దతో తెలుగును కొలుస్తున్నారు. తెరల మీద ఒత్తులు తెగిపోవడానికీ, పేపర్లో వరుసలు ఒకదాన్నొకటి రాసుకోవడానికీ మూలం అక్కడే ఉంది.

ముందు తలకట్టు సంగతి. సెరిఫ్ అనేది గీత కొసన ఉండే చిన్న పాదం. దాన్ని కోసేసినా ఇంగ్లిషు 'ఐ' 'ఐ'గానే ఉంటుంది. తలకట్టు అలా కాదు, అది గుణింతంలో భాగం. 'క'కు గుడి ఇవ్వగానే తలకట్టు పోయి ఆ చోట గుడి కూర్చుంటుంది: కి. దీర్ఘమిస్తే కా, ఎత్వమిస్తే కె, పొల్లు ఇస్తే క్. అన్నిట్లోనూ తలకట్టు తప్పుకుంటుంది. కొమ్ము, వట్రుసుడి ఇచ్చినప్పుడు మాత్రం ఉండిపోతుంది: కు, కృ. ఎందుకంటే వాటి చోటు పక్కన, కింద. అంటే నెత్తిన వేరే గుర్తు లేనప్పుడు ఆ చోట ఉండేది తలకట్టు. 'ర' మీద తలకట్టు చెరిపి చూడండి, మిగిలేది సున్నా. అలంకారం తీసేస్తే అక్షరం మారిపోదు కదా! ఖ, జ, ణ, బ, ల వంటి వాటికి తలకట్టే లేదు. సెరిఫ్ అయితే ఫాంటులో గీతలకు కొసలున్న అక్షరాలన్నిటికీ ఉండాలి, లేదా దేనికీ ఉండకూడదు.

అందుకే 'సెరిఫ్ లేని తెలుగు ఫాంటు' పేరుతో తలకట్టును మరీ పొట్టి చేసి, అక్షరానికి అంటుకుపోయిన బుడిపెలా గీస్తే పెద్ద శీర్షికలో ముచ్చటగా ఉంటుంది, చిన్న అక్షరాల్లో చదవలేం. కన్నడ తలకట్టు అడ్డంగా సాగుతుంది, మనది టిక్కు గుర్తులా కుడికి ఎగబాకుతుంది. ఆ ఎగుడు పోతే తెలుగు అక్షరం ముఖం మారిపోతుంది.

ఇక ఎత్తుల లెక్క. ఇంగ్లిషుకు పిల్లల చేత నాలుగు గీతల కాపీ పుస్తకంలో రాయిస్తారు. ఆ నాలుగే అచ్చులో అసెండర్ గీత, ఎక్స్-హైట్ గీత, బేస్‌లైన్, డిసెండర్ గీత అవుతాయి. తెలుగుకు కనీసం అయిదు కావాలి: గుడి, ఏత్వాల పైఅంచు, పొట్ట పైఅంచు, పొట్ట కూర్చునే గీత, మొదటి ఒత్తు అడుగు, ఒత్తు కింద ఒత్తు ఉంటే దాని అడుగు. 'రాష్ట్రం' అనే ఒక్క మాటలో ష, దాని కింద ట ఒత్తు, దాన్ని చుట్టుకుంటూ క్రావడి ఉన్నాయి. 'స్త్రీ'లో అయితే కింద రెండు, పైన గుడిదీర్ఘం.

దీన్ని అంకెల్లో చూద్దాం. ఫాంటు గీసేటప్పుడు అక్షరం కూర్చునే చదరాన్ని సాధారణంగా 1000 యూనిట్లుగా విభజిస్తారు. ఇంగ్లిషు అక్షరాలు అందులో హాయిగా సరిపోతాయి. అసెండర్ పైకి 720, డిసెండర్ కిందికి 230 అనుకుంటే మొత్తం 950. అదే చదరంలో తెలుగు గీద్దాం. పొట్ట ఎత్తు 480, గుడి పైఅంచు 700, మొదటి ఒత్తు అడుగు కిందికి 320, రెండో ఒత్తు అడుగు 560 అనుకుందాం. ఇవేమీ విపరీతమైన కొలతలు కావు. అయినా పైనుంచి కిందికి 1260 అయింది, చదరం దాటిపోయింది.

ఇప్పుడు ఫాంటు గీసేవారి ముందు రెండు దారులున్నాయి. ఒకటి, మొత్తాన్ని కుదించి 1000లో పట్టించడం. అప్పుడు 480 ఉన్న పొట్ట 381 అవుతుంది. పక్కనున్న ఇంగ్లిషు ఎక్స్-హైట్ 500 అయితే, రెండూ 12 పాయింట్లే అయినా తెలుగు నలిగిపోయినట్టు కనిపిస్తుంది. ఒక ఫాంటులో 12 పాయింట్లు నిండుగా, ఇంకో ఫాంటులో అదే 12 బక్కగా ఉండటానికి కారణం ఇదే. పాయింటు సైజు చదరానికి కొలత, అక్షరానికి కాదు. రెండో దారి, పొట్టను నిండుగా ఉంచి ఒత్తుల్ని చదరం బయటికి పోనివ్వడం. చాలామంది ఇదే ఎంచుకుంటారు, ఎంచుకోవాలి కూడా. కాకపోతే బయటికి పోయిన భాగానికి జాగా చూపించే బాధ్యత ఫాంటు మీదా, పేజీ పెట్టేవారి మీదా పడుతుంది.

ఫాంటు వైపు నుంచి చూస్తే, ఫైల్లో కొలతలు ఉండే ఓఎస్/2 అనే పట్టికలో 'విన్ అసెంట్' (పైకి ఎంత), 'విన్ డిసెంట్' (కిందికి ఎంత) అని రెండు అంకెలుంటాయి. విండోస్ వాటిని కత్తిరింపు అంచులుగా వాడుకుంటుంది. 560 దాకా దిగే ఒత్తు పెట్టుకుని డిసెంట్‌లో 250 అని రాస్తే, గీసిన ఒత్తు గీసినట్టే ఉన్నా తెర మీద సగానికి తెగుతుంది. ఇంగ్లిషు ఫాంటును మూసగా తీసుకుని అందులోకి తెలుగు అక్షరాలు నింపినప్పుడు ఈ తప్పు మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ రెండు అంకెల్ని మార్చడం ఎవరికీ గుర్తుండదు.

పేజీ వైపు నుంచి చూస్తే వరుసల ఎడం. పేజీలు పెట్టే ఇన్‌డిజైన్ వంటి సాఫ్ట్‌వేర్ తనంతట తానుగా ఇచ్చేది సైజులో 120 శాతం, అంటే 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల వరుస. పైన లెక్క వేసిన ఫాంటుకు 12.6 కావాలి. పై వరుసలో 'రాష్ట్ర', సరిగ్గా దాని కింద 'కీర్తి' పడితే క్రావడి అడుగు, గుడిదీర్ఘం నెత్తి 0.6 పాయింటు మేర ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. మిల్లీమీటరులో అయిదో వంతేగా అనుకోవద్దు. తెలుగులో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చూపే కొండి కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అందుకని 10 పాయింట్ల తెలుగుకు 14, వీలుంటే 15 పాయింట్ల వరుస ఇవ్వాలి. వెబ్ పేజీల్లో లైన్-హైట్, అంటే వరుస ఎత్తు అక్షరం సైజుకు ఎన్ని రెట్లో ఆ అంకె, 1.6 కంటే తగ్గకూడదు. తెర మీది మీటకూ (బటన్), పట్టీకీ ఇంతే ఎత్తు అని బిగించేసి, దాటినదాన్ని దాచెయ్యమని కోడ్‌లో రాస్తే 'లక్ష్మి' పేరులోని మ ఒత్తు మాయమవుతుంది.

ఇక్కడో పక్కమాట. పాత పుస్తకాల్లో 'ధర్మం'లోని ర్ శబ్దాన్ని మకారం తరవాత, కుడి పక్కన, ఒక గుర్తుగా వేసేవారు. వలపలగిలక అన్న పేరులోనే దాని చోటు ఉంది. ఇప్పుడు ర రాసి దాని కింద మ ఒత్తు పెడుతున్నాం. వలపలగిలక అడ్డంగా జాగా తీసుకునేది, ఒత్తు నిలువుగా తీసుకుంటోంది. దాన్ని మళ్లీ వాడుకలోకి తెమ్మని వకాల్తా పుచ్చుకోవడం లేదు గానీ, రాత మారినప్పుడల్లా అచ్చు కొలతలూ మారతాయని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అలాగే న్ శబ్దానికి పాత రూపమైన నకారపొల్లుకు యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే పట్టికలో, సొంత చోటు 2021లో, 14వ వెర్షన్‌తో గానీ రాలేదు. పాత పుస్తకాలను ఉన్నదున్నట్టు టైపు చేసేవాళ్లకు అది ఊరట.

ఒత్తుల నిర్మాణం మీ వ్యాసంలో తప్పకుండా ఉండాల్సింది. ఒత్తులు రెండు జాతులు. గ, చ, డ, ద, ప వంటి వాటి ఒత్తు, తలకట్టు తీసేసిన ఆ అక్షరమే, చిన్నదిగా. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం తల్లి అక్షరంతో పోలికే ఉండదు. మొదటి జాతి సులువు అనుకుని పెద్ద ద ను 60 శాతానికి కుదించి కింద అతికించేస్తుంటారు. కుదించినప్పుడు గీత మందం కూడా తగ్గుతుంది: 90 యూనిట్ల గీత 54 అవుతుంది. 'ముద్ద' అని రాస్తే పైన ద లావుగా, కింద ద వెంట్రుకలా వస్తుంది. ఒత్తును ఆ చిన్న సైజులో, 75 నుంచి 80 మందంతో విడిగా గీయాలి. లోపలి తెలుపు పూడుకుపోకుండా ఒంపును కాస్త వెడల్పు చెయ్యాలి.

క్రావడిది ఇంకో తంటా. అది అక్షరానికి ఎడమ పక్కన మొదలై అడుగును చుట్టుకుంటుంది. య ఒత్తేమో కింద మొదలై కుడికి లేస్తుంది. రెండూ పక్కపక్కన పడితే? 'కావ్యప్రశంస' అని టైపు చేసి చూడండి. వ్య లోని తోక కుడికి వస్తుంది, ప్ర లోని కొక్కెం ఎడమకి వస్తుంది, రెండూ వ, ప ల మధ్య సందులో గుద్దుకుంటాయి. అక్షరాలను విడివిడిగా చూసుకుని గీసిన ఫాంటులో ఈ జంటకు ఎడం ఇచ్చి ఉండరు. ఫాంటును పరీక్షించేవారు అ నుంచి ఱ దాకా వరుసగా చూసి బాగుందనుకుంటారు. వర్ణమాలలో ఈ జంట ఎక్కడా రాదు మరి.

ఐత్వానికి పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. యూనికోడ్ కూడా దాన్ని అలా రెండుగా విడదీయడానికి ఒప్పుకుంటుంది. కింది ముక్కకూ ఒత్తుకూ చోటు ఒకటే కాబట్టి 'త్రైమాసికం' టైపు చేస్తే ఫాంటు సత్తా బయటపడుతుంది. 'వు'ది ఇంకో ముచ్చట. వ కు కొమ్మును అన్నిటికీ ఇచ్చినట్టే కుడి పక్కన తగిలిస్తే అది మ లా కనిపిస్తుంది. అందుకే వు, పు లలో కొమ్ము అడుగు నుంచి బయల్దేరుతుంది. మొ, యొ లకు ఒత్వం గుర్తు పెట్టం, ఎత్వం ఇచ్చి పక్కన కొమ్ము తగిలిస్తాం. ఇలాంటివి ఫాంటులో ఒక్కొక్కటిగా గీయాల్సిందే, సూత్రంతో పుట్టవు.

కౌంటర్ గురించి, అంటే అక్షరం లోపలి తెలుపు గురించి, మీ వ్యాసం రెండు వాక్యాల్లో తేల్చేసింది. తెలుగులో అర్థం మారిపోయేది అక్కడే. ప పైన తెరిచి ఉంటుంది, ఆ నోరు మూసుకుంటే వ. 'పాడు', 'వాడు' మధ్య ఉన్నది ఆ సందు ఒక్కటే. ర లోపల చుక్క పెడితే ఠ. ద అడుగున చిన్న నిలువు గీత పెడితే ధ, దాని కడుపులో చుక్క పెడితే థ. 'నెల'కూ 'నేల'కూ, 'విడు'కూ 'వీడు'కూ తేడా నెత్తి మీది ఒక కొండి. ధ అడుగు గీత 60 యూనిట్ల వెడల్పు, 120 యూనిట్ల పొడవు అనుకుంటే, 8 పాయింట్ల సైజులో అది 0.17 మిల్లీమీటర్ల వెడల్పు, 0.34 మిల్లీమీటర్ల పొడవు. న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకితే ఆ గీత పొట్టకు అంటుకుని ద లోకి కలిసిపోతుంది. నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలు వేస్తే నలువైపుల నుంచీ సిరా లోపలికి పాకి గీతనే మింగేస్తుంది. వర్గీకృత ప్రకటనల పేజీ చదవడానికి కళ్లజోడు ఒక్కటే చాలకపోవడానికి కారణం సైజు కంటే ఇదే ఎక్కువ.

దీనికి విరుగుడు కొత్తది కాదు. అమెరికాలో ఏటీ అండ్ టీ టెలిఫోన్ డైరెక్టరీల కోసం మాథ్యూ కార్టర్ గీసిన బెల్ సెంటెనియల్ అనే అక్షరాలు 1978లో వచ్చాయి. గీతలు కలిసే మూలల్లో కావాలని నొక్కులు పెట్టాడు. సిరా పాకి ఆ నొక్కుల్ని నింపితే అక్షరం అసలు రూపానికి వస్తుంది. తెలుగులో అలాంటి మూల తలకట్టు పొట్టను కలిసే చోట ఉంటుంది, ఇరుకైన కోణం. పేపర్ కోసం గీసే బోల్డ్‌లో అక్కడ నొక్కు పెట్టకపోతే త, గ, శ ల నెత్తిన సిరా ముద్ద కడుతుంది.

బోల్డ్ మాట వచ్చింది కాబట్టి శీర్షికల సంగతి కూడా. కాలమ్‌లో పట్టడం లేదని అక్షరాల వెడల్పును 75 శాతానికి నొక్కేస్తారు. తాటాకు మీద గంటంతో గీసిన రాత నుంచి వచ్చింది కాబట్టి తెలుగు గీత అన్ని వైపులా దాదాపు ఒకే మందంలో ఉంటుంది. 100 యూనిట్ల గీతను అడ్డంగా 75 శాతానికి నొక్కితే నిలువుగా పోయే చోట్ల మందం 75 అవుతుంది, అడ్డంగా పోయే చోట్ల 100 అలాగే ఉంటుంది. గుండ్రని ర పక్కలు సన్నబడి, పైనా కిందా లావుగా కనిపిస్తుంది. ఇరుకైన శీర్షికలు కావాలంటే ఇరుకుగా గీసిన ఫాంటు వాడాలి, లేదా శీర్షికలో ఒక మాట తగ్గించాలి. రెండోది ఖర్చు లేని పని.

ఇటాలిక్ ఇంకా అన్యాయం. తెలుగుకు వాలు రాత సంప్రదాయం లేదు, సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని యంత్రంలా వంచుతుంది. 12 డిగ్రీలు వంచితే 700 ఎత్తులో ఉన్న గుడి 149 యూనిట్లు కుడికి, 560 లోతులో ఉన్న ఒత్తు 119 యూనిట్లు ఎడమకి జరుగుతాయి. 10 పాయింట్ల సైజులో పైభాగానికీ అడుగుకీ మధ్య దాదాపు ఒక మిల్లీమీటరు తేడా. 'స్త్రీ'లో కింది ఒత్తు ముందు అక్షరం కిందికి పోయి చేరుతుంది. పుస్తకాల పేర్లను వేరుగా చూపాలంటే ఉల్లేఖ చిహ్నాలు ఉండనే ఉన్నాయి.

అక్షరాల మధ్య ఎడం పెంచడం కూడా మానాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఎడం పెంచగానే ఒత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతుంది. ఇన్‌డిజైన్‌లో పేరా సెట్టింగుల్లో 'వరల్డ్-రెడీ కంపోజర్' అనే అమరిక ఎంచుకోకపోతే యూనికోడ్ తెలుగు ఒత్తులు కిందికి దిగవు, పొల్లులు వరుస కట్టి నిలబడతాయి. తెలుగు వరుసలో 2018 వంటి అంకెలు పడ్డప్పుడు 480 ఎత్తున్న పొట్టల పక్కన 700 ఎత్తున్న అంకెలు స్తంభాల్లా లేస్తాయి. వాటిని 85 నుంచి 90 శాతానికి తగ్గిస్తే కంటికి సర్దుకుంటాయి.

ఇంకొక్కటి. కంప్యూటర్‌కు తెలుగు అక్షరం బొమ్మగా తెలియదు, వరుసగానే తెలుసు. 'జ్ఞా' అంటే దానికి జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఈ వరుసలో ఞ కూ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని విడదీత గుర్తు చేరితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ఆ ఒక్క వరుస సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ ఐఫోన్ల ఐఓఎస్ సాఫ్ట్‌వేర్‌కు 11.2.6 సవరణ విడుదల చేసి సరిచేసింది. ఆ గుర్తు మాత్రం దుష్టురాలేం కాదు. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట్ తరవాత దాన్ని కొట్టకపోతే వ ఒత్తుగా మారి 'సాఫ్ట్వేర్' అవుతుంది. మీ పత్రికలో ఈ మాట రెండు రకాలుగానూ కనిపిస్తోంది.

ఆ వ్యాసాన్ని మళ్లీ వేసినా, పుస్తకంలో చేర్చినా, చివరి బొమ్మలో 'క' తీసేసి 'ష్ట్రీ' పెట్టించండి. గుడిదీర్ఘం, పొట్ట, లోపలి తెలుపు, ట ఒత్తు, క్రావడి అన్నీ దాని మీదే చూపొచ్చు. తలకట్టు కోసం పక్కన ఒక 'ర' చాలు. ఆ బొమ్మ కింద వరుసకు 120 శాతం ఎడం ఇవ్వకండి, బొమ్మ అడుగే తెగుతుంది.

ఇట్లు,
తెలుగు ఫాంట్ల పనిలో ఉన్న ఒక పాఠకుడు